మా వైపు అలాంటివేమీ లేవు

ఫిబ్రవరి 3

డాక్టరమ్మ ఒక నోటుపుస్తకం పెట్టుకోమంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బీపీ కొలిచి అందులో రాయాలట. కొనడానికి వెళ్లి రెండు కొన్నాను. ఒకదాంట్లో అంకెలు, ఇందులో నేను. ఇది ఎవరికీ చూపించను.

ఈ రోజు నూట నలభై, తొంభై. ఇరవై రెండో వారం. "కొంచెం ఎక్కువే, చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ "చూద్దాం" నాకు బాగా తెలుసు. గేజీ సూది కొద్దిగా పక్కకు పోయినప్పుడు నేనూ తెచ్చినవాళ్లకు అదే చెబుతాను. బాయిలర్ల మీద, గ్యాసు గొట్టాల మీద, టైర్లకు గాలి కొట్టే చోట ఉండే ప్రెషర్ గేజీలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి చీటీ అంటించడం నా ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల ప్రెషర్లన్నీ నేను చూస్తుంటే, నా ప్రెషర్ చూడటానికి ఇంకొకరు కావాల్సి వచ్చింది. మా సున్నా సారుకు చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన మా సూపర్‌వైజరు. ఏ గేజీ చేతికిచ్చినా ముందు "సున్నా చూశావా?" అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

"మీ అమ్మగారికి కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ, ఫిట్స్ గానీ వచ్చాయా?" అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. మూడో నెలలో మొదటిసారి వెళ్లినప్పుడూ ఇదే అడిగింది. అప్పటిలాగే ఇప్పుడూ నాకంటే ముందు అమ్మే అందుకుంది.

"మా వైపు అలాంటివేమీ లేవమ్మా."

డాక్టరమ్మ కాగితం మీద ఆ ప్రశ్న ఎదురుగా, లేదన్నట్టు ఒక అడ్డగీత గీసింది. మా ఆయన నా చెయ్యి నొక్కాడు. బయటికొచ్చాక ముగ్గురం టీ తాగాం.

అమ్మ పక్కనుంటే నాకు ధైర్యం. నాన్న పోయాక అక్కడ ఒక్కతే ఉండేది, మూడు నెలల క్రితం మా ఇంటికి వచ్చింది. నేనొక్కదాన్నే సంతానం. చిన్నప్పుడు చెల్లెలు కావాలని పేచీ పెడితే "నువ్వొక్కదానివే పదిమంది పెట్టు, ఇంకొకరితో నేను వేగలేను" అనేది. నేను అంత అల్లరిదాన్నని చాలా ఏళ్లు గర్వపడ్డాను.

ఫిబ్రవరి 9

నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది. బాగానే ఉంది.

ఫిబ్రవరి 17

ఈ సాయంత్రం మూడుసార్లు కొలిచాను. నూట యాభై రెండు, నూట నలభై ఆరు, నూట ముప్పై ఎనిమిది. చివరిది పుస్తకంలో రాశాను.

మా గేజీల షాపులో అయితే మూడూ రాయాలి. ఒక్కటి రాసి సంతకం పెడితే సున్నా సారు ఆ కాగితం చించి బుట్టలో వేస్తాడు. కానీ గేజీకి ఆయాసం ఉండదు. నేను నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చాను. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, మా లిఫ్టు మాత్రం నెల నుంచీ ఆగిపోయి ఉంది. కాబట్టి మొదటి రెండూ మెట్ల లెక్క. మూడోదే నాది.

నేను రాస్తుంటే అమ్మ గుమ్మం దగ్గర నిలబడి బట్టలు మడతపెడుతోంది.

మార్చి 3

స్కాన్ అయింది. బిడ్డ ఉండాల్సిన దానికంటే రెండు వారాలు వెనక ఉందట. ఇరవై ఆరు వారాల ఒంట్లో ఇరవై నాలుగు వారాల బిడ్డ.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. బిడ్డకు తిండి అందించే మావి గర్భసంచికి అతుక్కున్న చోట, తల్లి రక్తనాళాలు మూడో నాలుగో నెలల్లో వెడల్పు కావాలి. నావి సరిగ్గా కాలేదు. సన్నగానే ఉండిపోయాయి. బిడ్డకు చాలినంత రక్తం అందడం లేదు. అలా ఇబ్బందిపడే మావి నా రక్తంలోకి ఏవేవో వదులుతుందట. వాటితో నా ఒంట్లో ఉన్న నాళాలన్నీ దెబ్బతిని బీపీ పెరుగుతుందట. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూస్తూనే ఉంది, భయపడతానేమోనని. నాకు భయం కంటే ముందు అర్థమైంది. గొట్టాలూ ఒత్తిడీ నాకు ఒకరు చెప్పాలా?

మరి మందు ఏమిటని మా ఆయన అడిగాడు. బీపీ తగ్గడానికి మాత్రలు ఉన్నాయి గానీ అసలు జబ్బుకు మందు కాన్పే అంది. మావి బయటికి వచ్చేస్తే తగ్గడం మొదలవుతుంది. అంటే బిడ్డ లోపల ఎన్ని రోజులుంటే దానికి అంత మంచిది, నాకు అంత చెడ్డది. నా కడుపులోనే పెరిగిన ఈ మావి, నేను తిన్నది తిని, మా ఇద్దరి మధ్య పోట్లాట పెట్టింది. ఇలాంటి నమ్మకద్రోహం నేను ఎక్కడా చూడలేదు.

అమ్మ దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక ఉప్పు డబ్బా ఎత్తి పై అలమరలో పెట్టేసింది.

మార్చి 12

కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. ఉంగరం సబ్బు పెట్టి తీశాం. మూత్రంలో ప్రోటీన్ పోతోందట. సున్నా సారు నా బల్ల మీద ఉన్న గేజీలన్నీ తన బల్ల మీదకు మార్చుకుని, "ఇంటికెళ్లమ్మా, ఇవెక్కడికీ పోవు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గేజీల మీద ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

మార్చి 15

సెలవు. గోడలు లెక్కపెట్టడం అయింది. నాలుగే ఉన్నాయి.

మార్చి 24

ఇప్పుడు ఐదుసార్లు కొలుస్తున్నాను. అన్నిట్లో తక్కువది రాస్తున్నాను. ఈ రోజు పుస్తకంలో నూట నలభై రెండు.

పుస్తకం చూసి డాక్టరమ్మ, "ఇంట్లో ఇంత తక్కువ ఉండి నా దగ్గరికి వచ్చేసరికి ఇంత పెరుగుతుందేం?" అంది. మిమ్మల్ని చూస్తే భయం డాక్టరమ్మా అన్నాను. నవ్వింది. మాత్ర డోసు పెంచింది.

ఎక్కువది రాస్తే ఆసుపత్రిలో చేరమంటారు, చేరితే ఇప్పుడే బిడ్డను తీసేస్తారు. ఇంకో రెండు వారాలు గడిస్తే ఊపిరితిత్తులు కాస్త గట్టిపడతాయి. నేను అబద్ధం రాయడం లేదు. ఆ అంకె యంత్రం చూపించిందే.

ఏప్రిల్ 1

తలనొప్పి. అమ్మ నుదుటికి తడిగుడ్డ వేసింది. తడిపిన గుడ్డనే మళ్లీ మళ్లీ తడిపి పిండుతోంది. నీకేమైందమ్మా అంటే పని ఎక్కువైంది అంది. ముగ్గురు మనుషులకు వంట, అది కూడా ఉప్పు లేకుండా. అంత పనేముంది?

ఏప్రిల్ 6

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. పెన్ను నర్సుది.

పొద్దుటినుంచీ కళ్లముందు మెరుపులు. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్లు నొప్పి. గ్యాసేమో అనుకున్నాను. అమ్మ మందుల కొట్టుకు వెళ్లింది. ఆ కాసేపట్లో పిన్ని ఫోను చేసింది, అమ్మ చెల్లెలు. ఎలా ఉన్నావు బుజ్జీ అంటే నొప్పి సంగతి, మెరుపుల సంగతి చెప్పాను.

"మీ అమ్మ ఎక్కడుందే?"

"మందులకెళ్లింది."

"బుజ్జీ, నా మాట విను. ఉన్నపళంగా ఆసుపత్రికి పో. మీ అమ్మకూ సరిగ్గా ఇలాగే మెరుపులొచ్చాయి, అక్కడే నొప్పి అంది. గంట తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. నువ్వు కడుపులో ఉన్నావప్పుడు. మూడు రోజులు మనిషి కళ్లు తెరవలేదు."

నేను ఏమన్నానో గుర్తులేదు. పిన్ని ఏడుస్తూ చెబుతూనే ఉంది. గుర్రపువాతం అన్నారట అప్పట్లో. కాన్పులో వచ్చేది, తర్వాత ఉండదు అని డాక్టరు చెప్పినా అమ్మమ్మ వినలేదట. ఆమె చెవికి ఎక్కింది ఫిట్స్ అన్న ఒక్క మాటే. పుట్టింది ఆడపిల్ల, తల్లికి మూర్ఛ అని తెలిస్తే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు అని, ఆ మాట గడప దాటకూడదని అందరి చేతా ఒట్టు వేయించుకుందట. నాన్న కూడా ఆ ఒట్టుతోనే పోయాడు. రెండో బిడ్డ వద్దన్నది అందుకేనట.

అమ్మ మందులతో తిరిగొచ్చింది. పిన్ని చెప్పింది అన్నాను. చేతిలో సంచి పెట్టేసి గోడకు ఆనుకుంది. లేదనలేదు.

మా ఆయన పనిలోంచి పరుగున వచ్చి తీసుకొచ్చాడు. ఇక్కడ నూట డెబ్భై ఆరు, నూట పన్నెండు. ఇది ఒక్కసారే కొలిచారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. అమ్మ విషయం నేనే చెప్పాను. డాక్టరమ్మ పాత కాగితాలు తిప్పి ఆ అడ్డగీత వైపు చూసింది. అమ్మ వైపు చూడలేదు. నేను చూశాను.

ఫిట్స్ రాకుండా నరంలోకి ఒక మందు ఎక్కిస్తారట. నర్సు వస్తోంది. మిగతాది తర్వాత.

ఏప్రిల్ 10

మిగతాది నాకు తెలియదు.

సూది గుచ్చుతుండగానే వచ్చిందట. మా ఆయన చూశాడు. నిమిషమో, ఒకటిన్నరో. ఎలా వచ్చిందో చెప్పమంటే చెప్పడు. చేతులు చూసుకుంటూ కూర్చుంటాడు. మందు ఎక్కించి, కాస్త కుదుటపడ్డాక మర్నాడు ఆపరేషన్ చేశారు.

పాప. కేజీ నూట ఎనభై గ్రాములు. ఊపిరి యంత్రం సాయంతో.

నేను ఇంకా చూడలేదు. నాలుక చివర కొరుక్కున్నాను, మాట్లాడితే మండుతోంది.

ఏప్రిల్ 11

చూశాను. చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. అద్దాల పెట్టెలో ఉంది. కాలు నా వేలంత. చర్మంలోంచి నాళాలు కనిపిస్తున్నాయి. ఊపిరి ఒకటి పడుతుంది, ఇంకొకటి పడుతుందా లేదా అని చూస్తే పడుతుంది.

అమ్మ నా వెనక నిలబడింది. బయటికి వెళ్లమని నర్సుతో చెప్పించాను.

ఏప్రిల్ 14

డాక్టరమ్మను సూటిగా అడిగాను. మా అమ్మ మూడో నెలలో నిజం చెప్పి ఉంటే ఏం చేసేవారు? తప్పించుకోవాలని చూసింది గానీ నేను వదల్లేదు. రక్తం పలచబడటానికి రోజుకో చిన్న మాత్ర అప్పుడే మొదలుపెట్టేవాళ్లం అంది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, చాలామందికి ప్రమాదం తగ్గుతుంది అంది. ఇంకా ముందునుంచే దగ్గరగా చూసేవాళ్లం, ఇంటి పుస్తకాన్ని నమ్మేవాళ్లం కాదు అని కూడా అంది. చివరి మాట అంటూ నా వైపే చూసింది.

ఒక చిన్న మాత్ర.

అమ్మ పాలు తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. మా ఆయన లేడు, మిగతా మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఎనిమిది రోజులుగా నోట్లో నానుతున్నదంతా కక్కేశాను. నీ పరువు నా బిడ్డ ప్రాణం కంటే ఎక్కువైందా అన్నాను. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ కళ్లల్లోకి చూసి అబద్ధం చెప్పావు అన్నాను. నువ్వు తల్లివి కాదు అన్నాను. ఆ మాట ఇక్కడ రాస్తుంటే చెయ్యి ఆగింది గానీ, అన్నాను.

అమ్మ అన్నీ విని, చాలా మెల్లగా అంది.

"అల్లుడు పక్కనే కూర్చున్నాడే. ఆయన ముందు ఆ మాట ఎలా చెప్పను? నీ కాపురం ఏమవుతుందోనని భయపడ్డాను. నాకొచ్చింది నీకూ వస్తుందని ఎవరూ చెప్పలేదు. నా ఒంట్లో ఏదో పాడు ఉంది, అది నాతోనే పోవాలి అనుకున్నాను."

"మరి బీపీ పెరుగుతున్నప్పుడు?"

"అప్పుడు తెలిసింది. అప్పుడు చెబితే మొదటే ఎందుకు చెప్పలేదంటావని చెప్పలేదు." పాల గ్లాసు మీద మూత పెట్టింది. "నువ్వు ఐదుసార్లు కొలిచి తక్కువది రాయడం రోజూ చూశాను. నువ్వు కూడా నాలాగే భయపడుతున్నావని ఊరుకున్నాను. అదీ నా తప్పే."

ఆ మాటకు ఇంకా గట్టిగా అరిచాను. నర్సు వచ్చి బీపీ పెరుగుతుందని అమ్మను బయటికి పంపింది.

నేను రెండు నెలలు చేసింది వేరు, ఆమె ముప్పై ఏళ్లు చేసింది వేరు. వేరే.

ఏప్రిల్ 15

వేరే.

ఏప్రిల్ 19

పాపకు యంత్రం తీసేశారు. తనంతట తాను ఊపిరి పీలుస్తోంది. మా ఆయన వరండాలో నిలబడి ఏడ్చాడు. ఇన్ని రోజులూ దాచుకున్నాడు పిచ్చి మనిషి. నీ భార్యకు ఫిట్స్ వచ్చాయి, ఏమనిపిస్తోంది అని అడిగాను. "చచ్చిపోతావనుకున్నాను" అన్నాడు. ఇంకేమైనా అంటే, "ఇంకేముంటుంది?" అన్నాడు. అమ్మ ముప్పై ఏళ్లు భయపడింది ఈ జవాబుకేనా?

వాళ్లమ్మకు మాత్రం ఆయన, నాకు బీపీ ఎక్కువై ముందే ఆపరేషన్ చేశారని చెప్పి ఊరుకున్నాడట. అంతకంటే చెప్పొద్దని చెప్పాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, రాలేదు, ఊరికే కంగారుపడుతుంది. ఇది దాచడం కాదు. అడగనిది చెప్పకపోవడం.

ఏప్రిల్ 22

మావి రిపోర్టు వచ్చింది. పరీక్షకు పంపిన సంగతే నేను మరిచిపోయాను. ఉండాల్సిన బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ. అక్కడక్కడా రక్తం అందక చచ్చిపోయి తెల్లబడ్డ ముక్కలు. ఇంత దెబ్బతిన్న మావితో పాప ముప్పై ఒకటో వారం దాకా నిలబడటమే గొప్ప అంది డాక్టరమ్మ.

నేను దాన్ని ద్రోహి అని రాశాను. అది చావగా మిగిలిన ముక్కతో చేతనైనంత మోసిందట. ద్రోహం చేసినవాళ్ల జాబితాలోంచి దాన్ని కొట్టేశాను. జాబితాలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరి పేరు రాయాలంటే పెన్ను కదలడం లేదు.

అమ్మ రోజూ వస్తోంది. ఉతికిన బట్టలు మంచం చివర పెడుతుంది, విడిచినవి తీసుకెళుతుంది. మా మధ్య మాటల్లేవు. నర్సులు ఆమెను పనిమనిషి అనుకున్నారు.

ఏప్రిల్ 26

పాప ఈ రోజు నా గుండెల మీద రెండు గంటలుంది. కేజీ నాలుగు వందల ముప్పై. నర్సు చున్నీతో నాకు కట్టేసి పడుకోబెట్టింది. కదలకుండా ఉండాలి కాబట్టి ఫోను మోగితే అమ్మ తీసి నా చెవి దగ్గర పెట్టింది. అత్తయ్య.

పాప సంగతులన్నీ అడిగింది. కళ్లు తెరుస్తోందా, ఎవరి పోలిక అంది. ఇప్పుడే చెప్పలేం అత్తయ్యా, ప్రస్తుతానికి పిచ్చుక పోలిక అన్నాను. నవ్వింది. నవ్వు అయ్యాక గొంతు తగ్గించింది.

"ఏమ్మా, నీకు ఫిట్స్ వచ్చాయని ఎవరో అన్నారు. నిజమేనా?"

"అబ్బే, లేదత్తయ్యా. బీపీకి కళ్లు తిరిగాయి, అంతే."

ఒక్క క్షణం కూడా పట్టలేదు. తడబడలేదు. గొంతు కూడా మారలేదు. నేను ఆలోచించి అన్న మాట కాదు అది, దానంతట అదే వచ్చేసింది. తలెత్తి చూస్తే అమ్మ నన్నే చూస్తోంది. ఫోను పట్టుకున్న చెయ్యి నా చెవి దగ్గరే ఉంది. ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. ఫోను తన చెవికి పెట్టుకుంది.

"వదినగారూ, నేనండీ. దానికి ఫిట్స్ వచ్చాయి. నాకూ వచ్చాయి, ఇది కడుపులో ఉన్నప్పుడు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు మీకు చెప్పలేదు. డాక్టరు అడిగితే డాక్టరుకూ చెప్పలేదు. అందువల్లే ఇదంతా జరిగింది. ఇది కాన్పు జబ్బే, మూర్ఛరోగం కాదు. అయినా తల్లికొస్తే కూతురికీ రావచ్చట. మీరేమన్నా అనాలనుకుంటే నన్నే అనండి."

అత్తయ్య ఏమందో నాకు వినపడలేదు. అమ్మ ఊ, ఊ అంటోంది. కళ్లు తుడుచుకోలేదు. తర్వాత ఫోను పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పాప గుండెల మీద లేకపోతే లేచి ఏం చేసేదాన్నో. ముప్పై ఏళ్లు నోరు కుట్టుకున్న మనిషి, నేను అబద్ధమాడిన నిమిషంలో, నా పరువు తీయడానికే నోరు తెరిచింది. ఆమె నాకు ద్రోహం చేయడం ఇది రెండోసారి. నన్నడక్కుండా నా విషయం ఊరంతా ఎందుకు చాటుతున్నావు అన్నాను. పన్నెండు రోజుల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

"నీ విషయం కాదే" అంది అమ్మ. పాప వీపు మీద ఒక్క వేలు ఆనించింది. "దీని విషయం."

ఆ వేలు తీసేయమని నేను అనలేదు. ఈ మాట నా విషయంలో మూడో నెలలో ఎందుకు అనలేకపోయావమ్మా అని కూడా అడగలేదు. అడిగితే ఏడుస్తుంది. ఏడిస్తే క్షమించాల్సి వస్తుంది. నేనింకా క్షమించలేదు.